నాటిన పరివేషం

ఫిబ్రవరి 6

ఈ డైరీ నేటి నుంచి అమలులోకి వచ్చింది. దీన్ని రాసేవాడు, చదివేవాడు, అభ్యంతరాలు వస్తే విచారించి కొట్టివేసేవాడు ఒక్కడే: ఎర్మెస్ జనారిని, వరిష్ఠ పరిశోధకుడు, రేడియో ఖగోళ సంస్థ, బొలోన్యా. ప్రతులు ఎవరికీ పంపబడవు.

తెరవవలసిన అగత్యం ఏమనగా, మా సంస్థలో ప్రొఫెసరు పదవికి పోటీ ప్రకటించారు. అక్టోబరులో కమిషన్ కూర్చుంటుంది. డైరెక్టరు ఫాంతూజి ఉదయం నన్ను గదికి పిలిపించి, కుర్చీ చూపించకుండానే, నా ప్రచురణలన్నీ 'లేదు' అనే మాటతో ముగుస్తున్నట్టు తమ దృష్టికి వచ్చిందన్నారు. అది నిజమే. గెలాక్సీ గుచ్ఛాలలో రేడియో వెలుగు ఎక్కడెక్కడ లేదో ఐరోపా మొత్తంమీద నాకు తెలిసినంతగా మరొకరికి తెలియదు.

"లేనివి చూసి పదవి ఎవరిస్తారు ఎర్మెస్? ఉన్నది ఒక్కటి చూపించు, చాలు," అన్నారు.

ఇది అన్యాయం. వెలుగు ఎక్కడ ఉంటుందో ఈ వృత్తిలో అందరికీ తెలుసు. రెండు గుచ్ఛాలు ఢీకొన్నప్పుడు వాటి లోపలి పలుచని వాయువు కలగుండు పడుతుంది. ఎలక్ట్రాన్లు రెచ్చిపోయి, అక్కడి బక్కచిక్కిన అయస్కాంత క్షేత్రం చుట్టూ గిరగిర తిరుగుతూ రేడియో తరంగాలు చిమ్ముతాయి. గుచ్ఛం నడుమ లక్షల కాంతి సంవత్సరాల మేర మసక పరివేషం కడుతుంది. కొట్లాట లేని చోట వెలుగు లేదు. సంస్థలో పంపకాలు జరిగినప్పుడు కొట్లాడే గుచ్ఛాలన్నీ ఇతరులు తీసుకున్నారు. నేను కొట్లాడలేదు గనుక కొట్లాడనివి నా వంతుకు వచ్చాయి.

మధ్యాహ్నం నివెస్ కల్జోలారి వచ్చింది. నా కింద పనిచేసే తాత్కాలిక పరిశోధకురాలు. ఫెర్రారా వైపు మనిషి. అడగనిదే మాట్లాడదు, మాట్లాడితే ఒక పట్టాన ఒప్పుకోదు. సంస్థలో అందరూ 'నిద్రపోతు' అని పిలిచే గుచ్ఛం పటం తెచ్చింది. అది ఎన్నడూ దేనితోనూ ఢీకొన్న దాఖలా లేదు, అందుకే ఆ పేరు. దాని దక్షిణపు కొసన చిరిగిన గుడ్డపేలికలాంటి మసక ఒకటి ఉన్నదని, అది నిజమైన వెలుగేమోనని అన్నది. చూశాను. పేలికలా ఉన్న మాట వాస్తవం. అది పరికరాల రొద తప్ప మరేమీ కాదని తేల్చి, మామూలు ప్రకారం 'లేదు' అని రాయమన్నాను.

మా వృత్తిలో 'కనిపించలేదు' అని ఊరికే రాయడానికి వీల్లేదు. ఉండి ఉంటే కనిపించేదే అని కూడా నిరూపించాలి. అందుకు, కొలిచి తయారుచేసిన దొంగ పరివేషం ఒకదాన్ని దత్తాంశంలో నాటి, అది పటంలో మొలుస్తుందా లేదా అని చూస్తారు. మొలిస్తే మన కళ్ళు బాగున్నట్టు, ఆకాశమే ఖాళీగా ఉన్నట్టు. మర్యాద ప్రకారం దాన్ని గుచ్ఛానికి పక్కగా, ఖాళీ జాగాలో నాటుతారు. నేను నడిమధ్యన నాటమన్నాను.

"అక్కడేదో ఉందేమోనని నేనంటుంటే దాని నెత్తినే నాటమంటారేంటి, డాక్టర్ గారూ?"

నడిమధ్యన కనిపించినది ఎక్కడైనా కనిపిస్తుందని నచ్చజెప్పాను.

"నడిమధ్యన నాటితే ఇంకేదీ కనిపించదు," అంది.

దక్షిణపు కొసను కూడా కప్పేంత పెద్దదిగా, గుండ్రంగా, ఎవరికైనా కనపడేంత ప్రకాశంతో నాటమని ఆదేశించాను. ఆదేశం మౌఖికం.

మార్చి 31

నివెస్ నియామకం ఈ రోజుతో ముగిసింది. పొడిగింపు కాగితం మీద నేను వద్దని రాయలేదు. కావాలని కూడా రాయలేదు. కాగితం గడువు తీరి తనంతట తానే పోయింది. దీన్ని సహజ మరణంగా పరిగణించవచ్చు.

ఆమెకు హాంబుర్గ్‌లో పని దొరికింది. వెళ్ళే ముందు నన్ను నడవలో ఆపి, ఒక డిస్కు చేతిలో పెట్టి, నిద్రపోతు దత్తాంశం అందులో రెండు ప్రతులుగా ఉన్నదని, ఒకటి నాటినది, ఒకటి నాటనిది అని, ఏది ఏదో చెప్పింది. ఆ సమయంలో నేను గొడుగు వెతుక్కుంటున్నాను. బయట వాన. బొలోన్యాలో ఊరంతా కమానుల కింద తడవకుండా నడవవచ్చు గనుక గొడుగు అనవసరమనే వాదన ఒకటి ఉన్నది. దానితో నేను ఏకీభవించను.

ఏప్రిల్ 19

నిద్రపోతులో పరివేషం ఉన్నది.

దత్తాంశాన్ని కొత్త పద్ధతిలో మొదటి నుంచి శుద్ధి చేశాను. గెలాక్సీల చుక్కలన్నిటినీ ఒకటొకటిగా ఏరి పారేశాను. మిగిలినది తెర మీద తేలింది: నడిమధ్యన, పెద్దది, గుండ్రనిది, ఎవరికైనా కనపడేంత ప్రకాశం గలది. ఆ ప్రకాశం నేను ఊహించినంతే ఉండడం నా అంతర్దృష్టికి నిదర్శనమని వినయంగా నమోదు చేస్తున్నాను.

వాడిన ప్రతి: డిస్కులో పైన ఉన్నది. పైన ఉన్నదాన్ని వాడడం శాస్త్ర పద్ధతికి విరుద్ధం కాదు.

నాకు ఏ అనుమానమూ కలగలేదు. కలగలేదని ఇందుమూలంగా స్పష్టం చేస్తున్నాను.

ఏప్రిల్ 20

రెండో ప్రతి తెరవలేదు. తీరిక లేదు.

ఏప్రిల్ 21

తీరిక ఉంది. తెరవలేదు.

మే 3

డైరెక్టరు కుర్చీ చూపించారు. పటాన్ని దూరంగా పెట్టి ఒకసారి, దగ్గరగా పెట్టి ఒకసారి చూసి, భుజం మీద చెయ్యి వేసి, కింద ఇవొన్ కాఫీ బారుకు నడిపించుకు వెళ్ళారు. ఇవొన్ ఎదురుగా నిలబడి కాఫీ తాగే ప్రతివాణ్ణీ 'ప్రొఫెసర్ గారూ' అనే పిలుస్తుంది, నీటి పంపులు బాగుచేసే మనిషితో సహా. సంస్థవాళ్ళకు మాత్రం ఆ గౌరవం లేదు. వాళ్ళు నిజంగా అయ్యాక చూద్దామంటుంది.

డైరెక్టరు పటం ఆమెకు కూడా చూపించారు.

"చంద్రుడికి గుడి కట్టినట్టుంది. ఇంత గుండ్రంగా మా కప్పు కూడా మరక పెట్టదు డాక్టర్," అంది ఇవొన్, చేతిలో గుడ్డతో బల్ల మీది మరక తుడుస్తూ.

ప్రకృతికి కూడా క్రమశిక్షణ ఉంటుందని డైరెక్టరు ఆమెకు వివరించారు. కాఫీ వారే ఇప్పించారు. ఇది ఇంతకుముందు జరగలేదు.

మే 14

సిద్ధాంతం పూర్తయింది. ఇంతవరకు పరివేషం కావాలంటే ఢీకొనాలి అన్నారు. నిద్రపోతు ఢీకొనలేదు, అయినా వెలుగుతోంది. కాబట్టి ప్రశాంతత నుంచి కూడా వెలుగు పుడుతుంది. దాని గుండ్రదనాన్ని బట్టి లోపలి అయస్కాంత క్షేత్రాన్ని లెక్కగట్టాను. అది మిక్కిలి క్రమబద్ధంగా, సౌమ్యంగా, ఎక్కడా మడతలు లేకుండా వచ్చింది. ఇంత మర్యాదస్తురాలైన క్షేత్రాన్ని నేను మునుపు చూడలేదు.

భోజనాల వేళ మా అక్క దిర్చెకు ఇదంతా చెప్పాను. అక్క బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. నేనింకా మూడో తరగతిలోనే ఉన్నానన్న నమ్మకం ఆమెను విడిచిపెట్టలేదు. గుచ్ఛంలోని క్షేత్రం ఎంత బలహీనమో తెలియజెప్పడానికి ఫ్రిజ్ తలుపు మీది నిమ్మపండు ఆకారపు అయస్కాంతాన్ని తీసి, దీనిలో కోటో వంతు కూడా ఉండదన్నాను.

"అంత బలం లేనిది అంత వెలుగెలా ఇస్తుంది?"

విస్తీర్ణం వల్ల, అన్నాను. ఓపిక వల్ల.

"కొట్టుకోకుండానే వెలుగొస్తుందంటావు."

"అవును."

"అమ్మ పోయిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో ఒక్క మాట పైకి లేవలేదు ఎర్మెస్. మరి వెలుగేదీ?"

అయస్కాంతాన్ని దాని చోట పెట్టమని చెప్పి, గిన్నెలు తీసుకుని వెళ్ళిపోయింది. ఆమె అభ్యంతరం శాస్త్రీయం కాదు గనుక తిరస్కరించడమైనది.

జూన్ 9

వ్యాసం అచ్చయింది. ఇద్దరు పరీక్షకులూ 'అసాధారణమైన సౌష్ఠవం' అనే మాట విడివిడిగా వాడారు.

జూన్ 27

నివెస్ హాంబుర్గ్ నుంచి ఫోన్ చేసింది. వెనక రైల్వే స్టేషన్ రొద. క్షేమ సమాచారాలు అయ్యాక, పటం చూశానన్నది.

"చాలా గుండ్రంగా ఉంది డాక్టర్ గారూ."

ధన్యవాదాలు తెలిపాను.

"నేను గీసిన గుండ్రం నేను గుర్తుపట్టనా? ఎక్కడ మొదలై ఎక్కడ పలచబడాలో నేనే కదా కట్టింది."

వాస్తవం కొన్నిసార్లు నమూనాను పోలి ఉంటుందని, అది నమూనాకు గర్వకారణమని అన్నాను.  ఆమె ఏ ప్రతి వాడారని అడిగింది. పైన ఉన్నది, అన్నాను.

"పైనున్నది నాటినది. ఆ రోజు చెప్పాను కదా. మీరు గొడుగు వెతుక్కుంటున్నారు. గొడుగు మీ చంకలోనే ఉంది."

లైను సరిగా లేదని చెప్పాను. లైను బాగానే ఉందన్నది. ఆపైన ఆమె చెప్పినది, కోపం లేకుండా, రైలు వేళలు చదివినట్టు చెప్పినది, ఒక్క మాట పోకుండా ఇక్కడ ఉంచుతున్నాను, ఎందుకో తెలియదు:

"మీరే వెనక్కి తీసుకోండి. మీ నోటితో చెప్తే పొరపాటవుతుంది, అందరూ నవ్వి మర్చిపోతారు. ఇంకొకరు చెప్తే దానికి వేరే పేరుంటుంది. మేం ఇక్కడి యాంటెన్నాలతో నిద్రపోతును మళ్ళీ చూస్తున్నాం. నవంబరులో బొలోన్యా సమావేశంలో పటం పెడతాను. అప్పటిదాకా నోరెత్తను."

అక్టోబరు తరువాత ప్రకటిస్తే సరిపోతుందా అని అడిగాను. అక్టోబరులో ఏముందని అడిగింది. వాతావరణం బాగుంటుందన్నాను.

జూన్ 28

ఆ రోజు గొడుగు చంకలో లేదు. ముంజేతికి వేలాడుతోంది. ఈ తేడా ఆమె గమనించలేదు. ఇటువంటి వ్యక్తి గమనించిన మిగతా విషయాలను ఎంతవరకు నమ్మవచ్చుననేది ఆలోచించవలసి ఉన్నది.

ఆగస్టు 15

వేసవి సెలవులకు ఊరంతా సముద్రానికి తరలిపోయింది. అక్క కూడా వెళ్ళింది. సంస్థలో నేను, డిస్కు. డిస్కు సొరుగులో ఉన్నది. సొరుగు సక్రమంగా మూసుకుంటోంది.

సెప్టెంబరు 22

సంస్థ విందు భోజనంలో, మాంసపు రసంలో తేలే తోర్తెల్లీని పిండిచుట్టల మధ్య, సహోద్యోగులు నా ఆరోగ్యానికి గ్లాసులెత్తారు. కొట్లాడే గుచ్ఛాలు తీసుకున్నవాళ్ళే. ఒకాయన చెవి దగ్గరికి వంగి, ప్రశాంతతకు కూడా రోజులొచ్చాయన్నాడు. అతని స్వరంలో అసూయ వినిపించింది. ఇంతటి ఆనందం నాకు చాలాకాలంగా లేదు. ఈ ఆనందం ఏ ప్రతి ఆధారంగా కలిగిందనే ప్రశ్న ఎవరూ వేయలేదు.

అక్టోబరు 11

కమిషన్ కూర్చున్నది. పాదోవా నుంచి వచ్చిన సభ్యురాలు, ఇంత చక్కని పరివేషాన్ని తన జీవితంలో చూడలేదన్నది. అధ్యక్షుడు మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, నాటే పరీక్ష చేశారా అని అడిగాడు.

"చేశాం. నాటినది స్పష్టంగా కనిపించింది," అన్నాను.

ఈ వాక్యంలో అసత్యం ఒక్క అక్షరం కూడా లేదు. ఎవరైనా వచ్చి తనిఖీ చేసుకోవచ్చు. అధ్యక్షుడు తృప్తిగా కళ్ళజోడు పెట్టుకున్నాడు.

నియమించబడ్డాను.

సాయంత్రం ఇవొన్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. వార్త అప్పటికే చేరింది. "ప్రొఫెసర్ గారూ, ఇదిగో," అన్నది. చెయ్యి చాపాను. పక్కన ఉన్న పంపుల మనిషి కూడా చాపాడు. ఆమె ఇద్దరికీ ఒక్క పిలుపుతోనే రెండు కప్పులు పెట్టింది.

అక్టోబరు 20

పదవి చేతికి వచ్చింది గనుక రెండో ప్రతి తెరవడానికి ఇక ఏ ఆటంకమూ లేదు. తెరిచాను.

నడిమధ్యన ఏమీ లేదు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉన్నది.

దక్షిణపు కొసన పేలిక ఉన్నది.

నేను దాన్ని చూడకుండా ఉండడానికి కొంత కృషి చేశాను. మూడు రకాలుగా శుద్ధి చేశాను. మూడుసార్లూ అది అక్కడే, చిరిగిన అంచులతో, ఒక వైపుకు లాగినట్టు, వంకరగా, అనాకారిగా ఉన్నది. రొద ఇలా నిలబడదు. ఎప్పుడో, మనమెవరమూ లెక్కపెట్టని కాలంలో, ఏదో నిద్రపోతును గుద్దుకుని వెళ్ళిపోయింది. ఆ దెబ్బకు చిరిగిన అయస్కాంత క్షేత్రం ఇంకా అతుక్కోలేదు. నిద్రపోతు నిద్రపోలేదు. ప్రశాంతత అని మేం ఇంతకాలం పిలిచినది, చప్పుడు చేయకుండా ఉన్న గాయం.

నా జీవితంలో నేను చూసిన మొట్టమొదటి 'ఉన్నది' ఇది. చాలాసేపు చూశాను. అంత అందవికారమైనది అంత బాగుండడం నాకు అర్థం కాలేదు. దాని నెత్తిన నేను నాటించినది దానికి ఎన్నో రెట్లు ప్రకాశం గలది. నా ఆదేశం అక్షరాలా అమలైంది.

అక్టోబరు 21

నివెస్‌కు ఫోన్ చేయాలి.

అక్టోబరు 24

చేయాలి.

నవంబరు 3

ఆలోచించగా, వెనక్కి తీసుకోవడం, సవరించడం అనేవి రెండు వేర్వేరు ప్రక్రియలు. సమావేశానికి నా ప్రసంగ సారాంశం ఈ విధంగా పంపాను: 'నిద్రపోతు గుచ్ఛంలో ఇంతకుముందు జనారిని కనుగొన్న పరివేషం, మరింత సూక్ష్మ పరిశీలన మీదట, కొంత దక్షిణంగానూ, కొంత చిరిగిన ఆకారంలోనూ, కొంత తక్కువ ప్రకాశంతోనూ ఉన్నట్టు నిర్ధారణ అయినది.'

ఉన్నదాన్ని కనుగొన్నవాడిని నేనే అవుతాను. స్థలమూ ఆకారమూ ప్రకాశమూ తప్ప మిగతాదంతా ముందే చెప్పినట్టవుతుంది. సమావేశంలో నా ప్రసంగం నివెస్ తరువాత పెట్టారు. ముందుకు మార్చమని కోరాను. కార్యక్రమం అచ్చయిందన్నారు.

సారాంశం అక్కకు చదివి వినిపించాను.

"అంటే ఆ పిల్ల చూసింది నువ్వు చూశానంటావు," అన్నది.

సారాంశంలో అలా ఎక్కడా లేదని చూపించాను.

నవంబరు 16

పొద్దున పొగమంచు. కమానుల కింద కూడా పది అడుగుల అవతల మనిషి కనిపించలేదు.

నివెస్ హాలులోకి వచ్చి నాకు నమస్కరించింది. "ప్రొఫెసర్ గారూ, అభినందనలు," అన్నది. ఆ మాటలో వెటకారం వెతికాను. దొరకలేదు. దొరికి ఉంటే బాగుండేది. ఇంకా సమయముంది, ముందు మీరే లేచి రెండు మాటలు చెప్పండి, నేను ఆగుతానన్నది. నా ప్రసంగం తన తరువాత ఉన్నదని గుర్తు చేశాను. తల ఊపి వెళ్ళిపోయింది.

ఆమె పటం తెర మీదికి వచ్చింది. ఉత్తర దేశపు పొలాల్లో పరిచిన యాంటెన్నాలు తీసిన పటం. నడిమధ్యన శూన్యం. దక్షిణాన పేలిక, నేను చూసినదానికన్నా పెద్దది, పోగులు కూడా కనిపిస్తున్నాయి. హాలులో కుర్చీల చప్పుడు ఆగిపోయింది. నా పేరు ఆమె ఎత్తలేదు. నా పరివేషం గురించి ఒక్క మాట లేదు. అలా ముగించి కూర్చునేదే. పాదోవా సభ్యురాలు లేచి, మరి జనారిని పరివేషం ఏమైందని అడిగింది.

"అది ప్రొఫెసర్ గారినే అడగాలి," అన్నది నివెస్.

తలలు తిరిగాయి. నేను లేచాను. చెప్పవలసిన వాక్యం నాకు తెలుసు. జూన్ నుంచి తెలుసు. పొరపాటున నాటిన ప్రతిని వాడాను. చిన్న వాక్యం. నవ్వి మర్చిపోయే వాక్యం.

"నాటింది ఆమె," అన్నాను.

ఇందులో కూడా అసత్యం లేదు.

నివెస్ నన్ను కొంచెం సేపు చూసింది, దూరంగా ఉన్న గడియారంలో టైము చూసినట్టు. తరువాత మైకు దగ్గరికి వంగింది.

"అవును. నేనే నాటాను. ఎక్కడ నాటాలో, ఎంత వెలుగుతో నాటాలో వారు చెప్పారు. నాటకముందు నేను వారికి చూపించింది ఇదే," అని తెర మీది పేలిక వైపు చెయ్యి చాపింది.

ఎవరూ నవ్వలేదు. ఆమె జూన్‌లో హామీ ఇచ్చిన నవ్వుకు గడువు తీరిపోయింది. నా ప్రసంగ సమయంలో కాఫీ విరామం ఇచ్చారు.

నవంబరు 17

అక్క అడగలేదు. వంటింట్లో పాత్రలు రోజూ కంటే నెమ్మదిగా పెడుతోంది.

డిసెంబరు 18

డైరెక్టరు గదిలో నిలబడ్డాను. కుర్చీ ఉన్నది, చూపించలేదు. ప్రొఫెసరు పదవి ఒకసారి ఇచ్చాక తీసేసుకోవడానికి నిబంధనలలో దారి లేదని, అందుకు తామెంతో చింతిస్తున్నామని తెలియజేశారు. వ్యాసం ఉపసంహరించబడింది. ఇకమీదట దేశంలోని ఏ రేడియో సంస్థలోనైనా పరివేషం కనుగొన్నట్టు ప్రకటించేముందు, అది మనం నాటినది కాదని నాటని ప్రతితో పోల్చి నిరూపించాలన్న నియమం వచ్చింది. నియమానికి ఒక పేరు కావాలి. పాదోవా వాళ్ళు సూచించారు, సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించారు.

"మీ పేరే పెట్టారు ఎర్మెస్," అన్నారు డైరెక్టరు. ఇంతకాలం 'నువ్వు' అన్నవారు 'మీరు' అనడం మొదలుపెట్టారు. ఇక్కడ అది గౌరవం కాదు.

ఫిబ్రవరి 6

నివెస్ వ్యాసం వచ్చింది. కృతజ్ఞతల్లో నా పేరు లేదు. పద్ధతుల భాగంలో ఉన్నది. 'జనారిని పరీక్ష జరిపాము. ఈ వెలుగు ఎవరూ నాటినది కాదు.'

అక్కకు చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని, బడిపిల్లవాడి నోటుబుక్కు దిద్దినట్టు, వేలు పెట్టి చదివింది.

"పేరు అచ్చులో పడింది," అన్నది. ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు ఆనించి నిమ్మపండు అయస్కాంతం పెట్టింది. అది కాగితాన్ని గట్టిగానే పట్టుకున్నది.

ఈ డైరీ విచారణ ముగిసింది. అభ్యంతరాలు కొట్టివేయడానికి అధికారికి ఈ రోజు చెయ్యి రాలేదు. ఇకమీదట ఆకాశంలో ఎవరు ఏ నిజమైన వెలుగు కనుగొన్నా దాని పక్కన నా పేరు ఉంటుంది, అది నాలాంటిది కాదని ధ్రువీకరిస్తూ.